పదవ తరగతి తరువాత ఎటు? - మన ఊరి బడిలో మార్గదర్శన సేవల చరిత్ర

మన పాఠశాల ప్లాటినం జూబ్లీ సంచికకు ఏదైనా చారిత్రక వ్యాసం వ్రాయవలసిందిగా సంపాదక వర్గం వారు నన్ను కోరారు. భవనాల చరిత్ర, పూర్వ ప్రధానోపాధ్యాయుల సేవలు, క్రీడా విజయాలు ఇతర పుటలలో పెద్దలు వ్రాస్తున్నారు. నేను ఎన్నుకొన్నది అంతగా ఎవరి దృష్టికీ రాని చరిత్ర. పిల్లవాడు బడి గేటు దాటిన తరువాత ఎటు పోవాలో చెప్పవలసిన బాధ్యత ఎవరిది? ఇన్నేళ్ళుగా దానిని ఎవరు నిర్వహించారు, ఎవరు విస్మరించారు?

మా బి.ఎడ్. పాఠ్య గ్రంథాలలో దీనిని 'మార్గదర్శకత్వం, మంత్రణం' అని పేర్కొన్నారు. మార్గదర్శకత్వం అంటే అందరికీ అర్థమవుతుంది. మంత్రణం అన్న మాట మాత్రం నేను ఒకసారి తల్లిదండ్రుల సమావేశంలో ఉచ్చరించగా, ఒక తల్లి నా దగ్గరకు వచ్చి తన కుమారునికి తాయెత్తు కూడా కడతారా అని అడిగింది. అప్పటి నుండి నేను 'మాట్లాడి చూడడం' అనే అంటున్నాను.

ఈ చరిత్రను మన ఊరితోనే ప్రారంభించడం సమంజసం. వార్ధా నది ఒడ్డున గోండు రాజుల కోటతో వెలసిన బల్లార్‌పూర్‌కు తెలుగువారు ఎందుకు వచ్చారో పూర్వ విద్యార్థులకు నేను చెప్పనవసరం లేదు. బొగ్గు గనులు పిలిచాయి. 1929లో కాజీపేట - బల్లార్షా రైలు మార్గం పూర్తి కావడంతో మద్రాసు, ఢిల్లీ నగరాలు ఈ దారిన కలిశాయి; వరంగల్లు, కరీంనగర్ ప్రాంతాల వారికి మన స్టేషను ఒక పగటి ప్రయాణమైంది. 1945లో కాగితపు మిల్లు కంపెనీ ఏర్పడింది. ఇక నదికి ఆవలి రాజురా తాలూకా 1956 వరకు హైదరాబాదు రాష్ట్రంలోని ఆదిలాబాదు జిల్లాలోనే ఉండేది. అటుపిమ్మట నాందేడ్‌కు, 1959లో చాందా జిల్లాకు మారింది. అందుచేత మనలో కొందరి పూర్వీకులు సరిహద్దు దాటి వచ్చినవారు కాగా, మరి కొందరు ఉన్నచోటనే ఉండగా సరిహద్దే వారిని దాటి పోయింది. ఊరు సైతం 1956 వరకు మధ్యప్రదేశ్, తరువాత ద్విభాషా బొంబాయి రాష్ట్రం, 1960 మే 1 నుండి మహారాష్ట్ర. ఊరు కదలకుండానే మూడు రాష్ట్రాలను చూసింది.

ఆ తొలినాళ్ళలో మార్గదర్శనం అవసరమని ఎవరికీ తోచలేదు. తండ్రి ఏ షిఫ్టులో దిగుతాడో కొడుకూ ఆ షిఫ్టులోనే దిగుతాడు, ఆడపిల్లకు పెండ్లి. 1973లో గనులు జాతీయమయ్యాక వేతన ఒప్పందాలలో మరణించిన కార్మికుని ఆశ్రితులకు ఉద్యోగమిచ్చే నిబంధన వచ్చింది. కుటుంబాలకు అది పెద్ద ఆసరా అయిన మాట నిజమే. కాని 'నాన్న నౌకరీ నాకే వస్తుంది' అని తొమ్మిదవ తరగతి పిల్లవాడు తడబాటు లేకుండా చెప్పినప్పుడు, ఆ నౌకరీ ఏ విధంగా వస్తుందో వానికి తెలిసి అన్నాడా, తెలియక అన్నాడా అని నేను చాలాసార్లు కలవరపడ్డాను.

ఇదే ప్రశ్న అప్పటికే మరొక దేశంలో మరొక వలస పేటలో పుట్టి ఉన్నది. అమెరికాలోని బోస్టన్ నగరంలో నార్త్ ఎండ్ అనే పేటలో ఇటలీ నుండి, తూర్పు ఐరోపా నుండి వచ్చిన కూలీల కుటుంబాలు నివసించేవి. పిల్లలకు ఇంటి భాష ఒకటి, కర్మాగారం భాష మరొకటి. ఫ్రాంక్ పార్సన్స్ అనే ఆయన 1908 జనవరిలో అక్కడ వృత్తి మార్గదర్శన కార్యాలయాన్ని తెరిచాడు. ఆయన ఇంజనీరింగు చదివి, న్యాయవాదియై, అధ్యాపకుడైన మనిషి. తన దారి తాను వెదుక్కొనడంలోనే సగం ఆయుష్షు గడిచినవాడు కనుకనే కాబోలు ఈ పనికి పూనుకొన్నాడు. ఆయన చెప్పిన పద్ధతి సులభం: నిన్ను నీవు తెలుసుకో, పనుల స్వభావం తెలుసుకో, రెంటినీ సరిచూసుకొని నిశ్చయించుకో. అదే ఏడాది ఆయన మరణించాడు. గ్రంథం 1909లో వెలువడింది. అంతకు ఒక ఏడాది ముందే, 1907లో, మిషిగన్ రాష్ట్రపు గ్రాండ్ రాపిడ్స్‌లో ప్రధానోపాధ్యాయుడు జెస్సీ డేవిస్ వ్యాసరచన పీరియడులో వారానికొక పాఠాన్ని జీవిక, నడవడి విషయాలకు కేటాయించాడు. నాకు పార్సన్స్ కన్న ఈ డేవిసే ఎక్కువ ప్రీతిపాత్రుడు. ఆయనకు ప్రత్యేక గది లేదు, ప్రత్యేక ఉద్యోగి లేడు. ఉన్న పీరియడునే వాడుకొన్నాడు.

మన దేశంలో 1938లో కలకత్తా విశ్వవిద్యాలయపు అనువర్తిత మనోవిజ్ఞాన విభాగం వృత్తి మార్గదర్శన పరిశోధన ప్రారంభించింది. 1941లో బొంబాయిలో బాట్లీబాయి వృత్తి మార్గదర్శన కేంద్రం, 1947లో అక్కడే పార్సీ పంచాయతీ వారి కేంద్రం, అదే ఏట అలహాబాదులో ప్రభుత్వ మనోవిజ్ఞాన సంస్థ వెలిశాయి. 1950లో బొంబాయి ప్రభుత్వం తన సొంత కేంద్రాన్ని తెరిచింది. అన్నీ మహానగరాలలోనే. ఈ సేవ బొంబాయి నుండి బల్లార్‌పూర్ వరకు వచ్చే రైలు మాత్రం ఎక్కలేదు.

1952లో భారత ప్రభుత్వం మాధ్యమిక విద్యా కమిషన్‌ను నియమించింది. దాని అధ్యక్షులు డాక్టర్ ఆర్కాటు లక్ష్మణస్వామి మొదలియార్ మన కర్నూలులో 1887లో జన్మించినవారు. వైద్యులు, మద్రాసు విశ్వవిద్యాలయానికి 27 సంవత్సరాలు ఉపకులపతి. 1953 నాటి ఆ నివేదిక మార్గదర్శనానికి ప్రత్యేక స్థానమిచ్చి, బహుళార్థ పాఠశాలలను, మార్గదర్శన అధికారులను, బడిలోని ఉపాధ్యాయులలోనే ఒకరికి శిక్షణనిచ్చి 'కెరీర్ మాస్టరు'ను చేయడాన్ని సిఫారసు చేసింది. మరుసటి ఏట ఢిల్లీలో కేంద్ర విద్యా, వృత్తి మార్గదర్శన సంస్థ ఏర్పడింది. 1964-66 నాటి కొఠారీ కమిషన్ మరి కొంత ముందుకు పోయి, మార్గదర్శనం ప్రాథమిక దశ నుండే మొదలు కావాలని, కనీసం పది ఉన్నత పాఠశాలలకు ఒక సంచార సలహాదారు ఉండాలని కోరింది. నేను ఉపాధ్యాయినిగా చేరింది మొదలు ఆ సంచారి ఏనాడైనా మా మెట్లు ఎక్కుతాడేమోనని ఎదురుచూస్తూనే ఉన్నాను. పది బడులకు ఒకడు గదా, మిగిలిన తొమ్మిదింటిలో ఉన్నాడేమో!

సలహాదారు లేనంత మాత్రాన సలహా లేదనరాదు. నా చిన్ననాట తెలుగు పండితులవారు వార్షిక పరీక్షలు కాగానే వరండాలో బల్ల వేసుకొని కూర్చుని, పిల్లల దరఖాస్తులన్నీ తమ చేతివ్రాతతో నింపి పెట్టేవారు. పాలిటెక్నిక్ అంటే ఏమిటో, డి.ఎడ్. ఎక్కడ దొరుకుతుందో ఊరికి తెలిసింది వారి వలననే. ఏ నివేదికలోను పేరు లేని కెరీర్ మాస్టర్లు వారు.

ఇక నా స్వంత తప్పును వ్రాయక తప్పదు. 1998 ప్రాంతాన నా తరగతిలో గణితంలో అసాధారణ ప్రజ్ఞ గల ఒక బాలుడు ఉండేవాడు. తండ్రి కలప డిపోలో హమాలీ. ఎస్.ఎస్.సి. ఫలితాలు రాగానే నేనే వారి ఇంటికి వెళ్ళి, వీనిని సైన్సులోనే చేర్పించాలని పట్టుబట్టాను. తండ్రి మాట్లాడక తల ఊపాడు. టీచరమ్మ ఇంటికి వచ్చి చెప్పినప్పుడు కాదని ఎట్లా అంటాడు? పదవ తరగతి వరకు తెలుగు మాధ్యమంలో చదివిన పిల్లవాడు ఒక్కసారిగా ఇంగ్లీషు మాధ్యమంలో కూర్చుంటే ఏమవుతుందో నేను ఆలోచించలేదు. దీపావళి సెలవుల తరువాత వాడు కళాశాలకు పోలేదు. ఆ సంగతి నాకు ఎండాకాలం వరకు తెలియనే లేదు. ఒకనాడు డిపో గేటు మీదుగా పోతుండగా, వాడు టేకు దుంగల చుట్టుకొలత కొలిచి వాటి కొసల మీద అంకెలు వేస్తూ కనిపించాడు. నన్ను చూసి సిగ్గుపడి లేచాడు. "లెక్క నాకొచ్చు టీచరమ్మా, అండ్ల ఏమడిగిండ్రో సమజ్ గాలె" అన్నాడు.

నేను ఏమని బదులు చెప్పానో జ్ఞాపకం లేదు. ఆ మరుసటి ఏడాది వాడిని ఐ.టి.ఐ.లో చేర్పించగలిగాము, ఫిట్టరుగా జీవితంలో స్థిరపడ్డాడు. ఐనా వాని గణితం అక్కడితో ఆగిపోయిందన్న చింత నన్ను వదలలేదు. పార్సన్స్ చెప్పిన మూడింటిలో మొదటిది, అనగా పిల్లవానిని తెలుసుకొనడం, నేను చేశాననుకొన్నాను. రెండవది చేయనే లేదు.

రాజ్యాంగంలోని 350-ఎ అధికరణం ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు సౌకర్యం కల్పించవలెనని చెబుతుంది. ఆ తరువాతి మెట్టుకు వంతెన ఎవరు వేయాలో అది చెప్పదు. కనుక డేవిస్ అడుగుజాడలలో మేము వ్యాసరచన పీరియడునే పట్టుకొన్నాము. తొమ్మిదవ తరగతి నుండి వారానికి ఒకనాడు పిల్లలు 'మా ఇంటి ప్రక్కవారి పని' వంటి విషయాలపై విచారించి వ్రాసేవారు. గణిత, విజ్ఞాన పదాలను తెలుగు, మరాఠీ, ఇంగ్లీషులలో మూడు నిలువు వరుసలుగా వ్రాయించాము. సమబాహు త్రిభుజం అన్న మాట మూడు భాషలలో వచ్చిన పిల్లవాడు పదకొండవ తరగతిలో తడబడవచ్చును గాని మూగబోడు. ఈ పట్టికలు నేటికీ కొనసాగుతున్నవి.

తల్లిదండ్రులు అంతగా గుర్తించని మరొక సహాయం మా కార్యాలయపు అలమారలో ఉన్నది. అది దాఖల్-ఖారిజ్ రిజిస్టరు. మన రాష్ట్రంలో కుల ధ్రువపత్రానికి కుటుంబం ఒక నిర్దిష్ట తేదీకి ముందే ఇక్కడ నివసించినట్లు ఆధారం చూపవలెను. షెడ్యూల్డు కులాలకు 10 ఆగస్టు 1950, షెడ్యూల్డు తెగలకు 6 సెప్టెంబరు 1950, విముక్త, సంచార జాతులకు 21 నవంబరు 1961, ఇతర వెనుకబడిన వర్గాలకు 13 అక్టోబరు 1967. ఆపైన 'వ్యాలిడిటీ' పరిశీలన వేరు. గనిలో దిగిన తాతకు భూమి కాగితం ఎక్కడిది? ఆయన బడిలో చేరిన నాటి ఒక్క పంక్తియే ఆధారం. ప్రతి జూన్ మాసంలో మనుమలు వచ్చి తాతల పేర్లు వెదికించుకొంటారు. వ్రేలితో ఒక్కొక్క పేరు చూపుతూ పోయి, హఠాత్తుగా 'ఇదిగో మా తాత' అన్నప్పుడు వారి కంఠం మారిపోతుంది.

అన్నిసార్లు అట్లా జరగదు. కొన్నేళ్ళ క్రితం ఒక తండ్రి, కుమార్తెను ఇంజనీరింగులో చేర్చడానికై వచ్చాడు. పేరు దొరికింది, సంవత్సరం సరిపోయింది. కులం గడి మాత్రం ఖాళీ. ఆనాడు వ్రాసినవారికి అది తరువాత నింపవచ్చునని తోచి ఉంటుంది. ఆయన అరగంటసేపు నన్ను బ్రతిమాలాడు. ఆ గడిని నింపే అధికారం నాకు లేదు. ఆ అమ్మాయికి ఆ ఏడాది ఆ సీటు దక్కలేదు. అందుచేతనే ఇప్పుడు ఎనిమిదవ తరగతిలోనే ప్రతి ఇంటి కాగితాలు పరిశీలిస్తున్నాము. ఇదియు మార్గదర్శనమేనా అని ఒక యువ ఉపాధ్యాయుడు అడిగాడు. ఏ మనోవిజ్ఞాన గ్రంథంలోను లేదు గాని, మన ఊరిలో ఇదే మొదటిది.

ఇటీవలి పరిణామాలు చాలామందికి తెలిసినవే. 1996లో ముంబయిలో పుట్టిన 1098 బాలల సహాయవాణి దేశమంతటికీ విస్తరించింది. 2016లో మహారాష్ట్ర ప్రభుత్వం పదవ తరగతి వారికి 'కల్ చాచణి' అను అభిరుచి పరీక్షను ప్రారంభించి, ఏడు రంగాలలో ఎటు మొగ్గు ఉన్నదో చెప్పే పద్ధతి తెచ్చింది. పరీక్ష మంచిదే. కాని కాగితం చేతికి వచ్చిన తరువాత ఆ పిల్లతో కూర్చుని మాట్లాడే మనిషి లేకపోతే అది జాతకచక్రం వంటిదే అవుతుంది.

2019 ఏప్రిల్‌లో తెలంగాణలో ఇంటర్మీడియట్ ఫలితాలు వెలువడిన కొద్ది దినాలలో ఇరవై మందికి పైగా విద్యార్థులు ప్రాణాలు తీసుకొన్నారు. మనలో అనేకుల బంధువులు మంచిర్యాల, ఆదిలాబాదు, కరీంనగర్‌లలో ఉన్నారు. ఆ వారమంతా మన ఇండ్లలో టెలిఫోనులు మ్రోగుతూనే ఉన్నాయి. ఆ తరువాత నేను ఫలితాల దినాన బడి తెరిచి ఉంచడం అలవాటు చేసుకొన్నాను. సాయంత్రం వరకు కూర్చుంటాను. తప్పిన పిల్లవాడు ముందు ఇంటికి కాక ఇక్కడికి రావచ్చునని అందరికీ చెప్పి ఉంచాము. కొందరు వస్తారు. టీ త్రాగి, ఏమీ మాట్లాడక వెళ్ళినవారూ ఉన్నారు. 2020లో కేంద్రం 'మనోదర్పణ్'ను, 2022 అక్టోబరులో 'టెలీ మానస్' సేవను ప్రారంభించింది. దాని సంఖ్య 14416 మా నోటీసు బోర్డుపై, బాలికల విశ్రాంతి గది తలుపు లోపలి వైపున వ్రాయించాము. లోపలి వైపున ఎందుకని అడిగినవారికి, బోర్డు ముందు నిలబడి ఆ సంఖ్యను వ్రాసుకొనే ధైర్యం పిల్లలకు ఉండదని చెప్పాను.

విశాఖపట్నంలో 2023లో వైద్యవిద్యా ప్రవేశ పరీక్షకు శిక్షణ పొందుతున్న ఒక విద్యార్థిని మృతికి సంబంధించిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2025 జులై 25న దేశవ్యాప్త మార్గదర్శకాలు వెలువరించింది. నూరుగురు లేక అంతకు మించిన విద్యార్థులు గల ప్రతి విద్యాసంస్థ అర్హత గల ఒక సలహాదారునైనా నియమించవలెను. తక్కువ ఉన్నవారు బయటి నిపుణులతో సంబంధం ఏర్పరచుకొనవలెను. సిబ్బందికి ఏటా రెండుసార్లు శిక్షణ జరుపవలెను. మొదలియార్ నివేదికకు అప్పటికి 72 ఏళ్ళు. మన పాఠశాలలో ఇంకా ఆ ఉద్యోగం ఏర్పడలేదు. దరఖాస్తు పంపాము.

అంతవరకు శనివారం చివరి పీరియడు మాదే. నర్సులు, లోకో పైలట్లు, ఎలక్ట్రీషియన్లు, బ్యాంకు గుమాస్తాలు అయిన పూర్వ విద్యార్థులు ఎవరైనా ఒక గంట వచ్చి తమ పని గురించి, ముఖ్యంగా తాము తప్పిన సంవత్సరం గురించి, పిల్లలతో తెలుగులో మాట్లాడగలిగితే ముందుగా కార్యాలయానికి కబురు చేయగలరు. తొలి రిజిస్టరు పుటలు అంచుల వెంట పొడిపొడిగా రాలుతున్నవి. దానిని నకలు తీయించి, బైండు చేయించే పని ఈ వేసవి సెలవులలో చేపట్టదలచాము. అక్షరాలు గుర్తుపట్టగల పెద్దలు ఒకరిద్దరు ప్రక్కన కూర్చుంటే పని త్వరగా సాగుతుంది.