టైరు పాలిష్

మోటారు వాహనముల టైర్ల పార్శ్వభాగములు ఎండకు వెలిసి, దుమ్ము పట్టి బూడిదవన్నెకు దిగినప్పుడు, వానికి మరల నల్లని నిగారింపు కలిగించుటకై పూయు ద్రవములను, లేపములను, నురుగులను టైరు పాలిష్ అందురు. కరీంనగరమునుండి వరంగల్లునకు పోవు 563వ సంఖ్య జాతీయ రహదారిపై నున్న హుజూరాబాదులో ‘వాటర్ సర్వీసింగ్’ అని బోర్డు కట్టిన కొట్లయందు కారు కడిగిన పిదప జరుగు కడపటి సంస్కారము ఇదియే. యజమాని కన్నులకింపు, సర్వీసింగ్ నడుపువానికి నాలుగు రూపాయల అదనపు రాబడి, చూచువారికి బండి క్రొత్తదన్న భ్రమ, ఈ మూడును ఒక్క పూతతో సమకూరుచుండుటచే దీని గుణదోషములను విచారించువారు అరుదు. ఇది టైరునకు ఆయువు పోయునని కొందఱును, రబ్బరును తినివేయునని మఱికొందఱును వాదింతురు. పూసిన పదార్థమేది, పూసిన చోటేది, పూయుటకు ముందు చేసిన పని యేది అని విడదీసి చూడనిదే ఆ వాదము తేలదు.

హుజూరాబాదు ప్రాంతమున టైరునకు నల్లదనము నిలుచుట కష్టము. చుట్టుపట్ల ఎఱ్ఱచెల్క నేలలు, నడుమ నడుమ నల్లరేగడి, చెఱువుల క్రింద వరి పొలములు. నాట్లకాలమున ట్రాక్టర్లు మడులనుండి రోడ్డుమీదికి ఈడ్చుకొనివచ్చు బురద ఎండి పొడియై ప్రతి చక్రమును పట్టును. కరీంనగర ప్రాంతపు గ్రానైటు లారీల రాకపోకలు ఉండనే యున్నవి. దీనికి తోడు, 2023 జూలై 8న వరంగల్లులో ప్రధానమంత్రి నరేంద్ర మోదీ శంకుస్థాపన చేసిన 68 కిలోమీటర్ల కరీంనగర్–వరంగల్ నాలుగు వరుసల రహదారి విస్తరణ ఆరంభమైన పిమ్మట, ఆ దారిని పోవు కార్ల చక్రములకు మట్టి తప్పలేదు.

కార్ల సంఖ్య పెరుగుటకును ఈ సీమలో ఒక ప్రత్యేక కారణము కలదు. 2021 ఆగస్టు 16న నాటి ముఖ్యమంత్రి కె. చంద్రశేఖరరావు శాలపల్లిలో ప్రారంభించిన దళితబంధు పథకము హుజూరాబాదు నియోజకవర్గముననే ప్రయోగాత్మకముగ అమలు జరిగినది. కుటుంబమునకు 10 లక్షల రూపాయల వంతున లభించిన ఆ సాయముతో కార్లు, ట్రాక్టర్లు, సరకుల బండ్లు ఎంచుకొన్నవారు పెక్కురు. కిరాయి కారునకు రూపమే సగము పెట్టుబడి. పెండ్లివారో, వేములవాడ పోవు యాత్రికులో బండి చుట్టు ఒకమారు తిరిగి చూచియే బేరమాడుదురు గనుక, సొంతకారు కలవానికి విలాసముగ నుండు టైరు పాలిష్, అద్దెకారువానికి వ్యాపార సామగ్రిలో ఒకటియైనది.

పాలిష్ ఏమి చేయునో తెలియవలెనన్న ముందుగ టైరు నల్లగా నుండుటకు హేతువు తెలియవలెను. చెట్టునుండి తీసిన రబ్బరు నలుపు కాదు. 1839లో అమెరికాలో చార్లెస్ గుడ్‌ఇయర్ గంధకముతో రబ్బరును వేడిచేసి దానికి దార్ఢ్యము కలిగించు మార్గమును కనుగొనెను. 1888లో జాన్ బాయిడ్ డన్‌లప్ గాలి నింపిన టైరునకు పేటెంటు పొందెను. అయినను ఆ తొలినాటి టైర్లు తెల్లనివో, లేత బూడిదవన్నెవో అయియుండెను. మిషెలిన్ సంస్థవారి చిహ్నమైన టైర్ల మనిషి నేటికిని తెల్లగా నుండుటకు కారణమదియే. ఇరువదవ శతాబ్దపు తొలి దశాబ్దములలో ‘కార్బన్ బ్లాక్’ అను మసిని రబ్బరులో కలుపగా అరుగుదలను ఓర్చు శక్తి ఎన్నోరెట్లు పెరిగినందున నాటినుండి టైరు నలుపెక్కినది. సదాశివపేటలోని ఎం.ఆర్.ఎఫ్. కర్మాగారమునుండి వచ్చినదైనను, తిరుపతి జిల్లా చినపండూరులోని అపోలో కర్మాగారమునుండి వచ్చినదైనను, నేటి కారు టైరు బరువులో ఇంచుమించు అయిదవ వంతు మొదలు నాల్గవ వంతు వఱకు ఈ మసియే. ఈ మసి సూర్యరశ్మిలోని అతినీలలోహిత కిరణములను తానే పీల్చుకొని లోపలి రబ్బరును కాపాడును. కావున ‘ఎండనుండి రక్షణ’ యని డబ్బాలపై పెద్ద అక్షరములతో అచ్చువేయు మాటను కొంత తగ్గించియే చదువుకొనవలెను.

ఎండకంటె రబ్బరునకు నిజమైన శత్రువు ఓజోను. పది కోట్ల పాళ్ళ గాలిలో నాలుగైదు పాళ్ళ ఓజోను ఉన్నను, సాగి బిగిసియున్న రబ్బరును అది పగుల్చగలదు. దీనిని ఎదుర్కొనుటకు తయారీదారులు రబ్బరులోనే ఒకవిధమైన మైనమును, 6పీపీడీ వంటి ఓజోను నిరోధకములను కలిపియుంచెదరు. కాచిన పాలపై మీగడ వలె ఇవి మెల్లమెల్లగా పైకి తేలి, టైరు ఉపరితలమున పలుచని పొరగా నిలుచును. ఓజోనుతో కలిసి మార్పు చెందిన ఆ నిరోధకమే టైరు ప్రక్కలపై మనము చూచు గోధుమవన్నె మరక. చూచుటకు అది మురికి. నిజమునకు టైరు తనకుతాను కట్టుకొనిన కవచపు అవశేషము. చక్రము తిరుగుచు, టైరు ప్రక్కగోడలు వంగుచు సాగుచు నుండినంతకాలము లోని మైనము పైకి వచ్చుచునే యుండును. కదలని బండికి ఆ భాగ్యము లేదు. గల్ఫు దేశములలోనో, అమెరికాలోనో ఉన్న కుమారులు కొనియిచ్చిన కారు గ్రామమున వేపచెట్టు క్రింద నెలల తరబడి నిలిచియుండగా, దాని టైర్లు అరుగకయే పగులుటకు ఇదియొక ముఖ్యకారణము. అట్టి బండికి నెలకొకసారి పాలిష్ పూయుటకంటె వారమునకొకసారి జమ్మికుంట దాక నడిపి తెచ్చుట మేలు.

అంగడిలో దొరకు పాలిష్‌లు రూపమున అనేకములైనను ప్రకృతిని బట్టి రెండే తెగలు. మొదటిది నీటిలో సిలికోను నూనెను చిన్న చిన్న బిందువులుగ విడగొట్టి కలిపిన తెల్లని పాలవంటి ద్రవము. పాలీడైమిథైల్ సిలోక్సేన్ అను ఈ సిలికోను సహజ రబ్బరును కరిగింపదు, ఉబ్బింపదు. నీరు ఆరిపోగా పలుచని పొరయై నిలిచి, గఱుకైన ఉపరితలపు సందులను నింపి, వెలుతురును చెదరనీయక నలుపును లోతుగా చూపును. దీని మెఱుపు మితమైనది, కాలమును మితమే. రెండు గట్టి వానలకు చాలభాగము పోవును. రెండవ తెగ, అదే సిలికోనును పెట్రోలియము ద్రావకములలో కలిపి చేసినది. ఇది జిడ్డుగ, పారదర్శకముగ నుండి, అద్దమువలె మెఱసి, ఎక్కువ దినములు నిలుచును. హైడ్రోకార్బను ద్రావకములు రబ్బరులోనికి చొచ్చి దానిని ఉబ్బించి, లోని మైనమును, నిరోధకములను వెలికి లాగివేయు స్వభావము కలవి. ఒక్కసారి పూసినంతమాత్రమున టైరు చెడునని కాదు. వారము వారము ఏండ్ల తరబడి పూయుచుండుట మాత్రము వివేకము కాదు.

ఈ రెంటిని గుర్తించుటకు ప్రయోగశాల అక్కఱలేదు. మూత తీసి వాసన చూచిన చాలును. కిరసనాయిలు వాసన కొట్టి, డబ్బాపై మంట గుర్తు ఉన్నచో అది ద్రావకపు తెగకు చెందినది. పాలవలె తెల్లగా నుండి, నీటిలో కలిసిపోవునది మొదటి తెగ. స్ప్రే డబ్బాలనుండి వచ్చు నురుగులలో రెండు విధములును గలవు గనుక డబ్బా వెనుక వ్రాసినది చదువవలసినదే.

వీనికి తోడు ఇంటి వైద్యములు కొన్ని కలవు. గ్లిసరినును నీటితో కలిపి పూయువారు కలరు; అది రబ్బరునకు హాని చేయదు, చవక, కాని తేమను పీల్చి బంకగా మాఱి దుమ్మును పిలుచును, తొలి చినుకులకే కొట్టుకొనిపోవును. డీజిలు, వాడిన ఇంజను ఆయిలు పూయుట మాత్రము సర్వథా త్యాజ్యము. చట్రము అడుగున తుప్పు పట్టకుండ డీజిలు స్ప్రే కొట్టు అలవాటు సర్వీసింగ్ కొట్లలో ఉన్నది. అదే గన్నును చక్రములవైపు త్రిప్పి రెండు క్షణములలో టైరును నల్లబఱచి పంపుట సులభోపాయము. ఆ నలుపు రబ్బరు ఉబ్బి తెచ్చుకొన్న నలుపు.

వినియోగ విధానమున అందఱును తొందరపడు చోటు కడుగుట. దసరాకు ముందు వరంగల్ రోడ్డున ఏ సర్వీసింగ్ కొట్టునొద్ద నిలిచినను ఈ దృశ్యము కనబడును: కుఱ్ఱవాడు పంపుతో నీళ్ళు కొట్టి, షాంపూ నురుగు చిమ్మి, గుడ్డతో బాడీ తుడిచి, కడపట అయిదు లీటర్ల డబ్బానుండి నీళ్ళ సీసాలోనికి వంచుకొని మూతకు చిల్లులు పొడిచిన పాలిష్‌ను, పాత సీటునుండి కోసిన స్పాంజి ముక్కపై చిలుకరించి, “అన్నా, టైర్ పాలిష్ కొట్టాల్నా?” అని అడుగుచునే సగము చక్రము పూసివేయును. “కొట్టు తమ్మీ, గని బాడీ మీద పడకుంట చూడు” అని యజమాని అనును. ఇందు లోపించినది బ్రష్షు. టైరు గోడను సబ్బునీటితో గట్టి బ్రష్షుతో రుద్దగా మొదట దిగు నురుగు గోధుమవన్నెగ నుండును, మరల రుద్దవలెను, నురుగు తెల్లబడిన పిమ్మటనే పాలిష్ రబ్బరును తాకును. అంతకు ముందు పూసినచో అది మురికిని అంటుకొని, మఱునాటికే మచ్చలు మచ్చలుగ తేలును. కడిగిన టైరు పూర్తిగా ఆరవలెను, చల్లబడవలెను. 45 డిగ్రీల వేసవిని ఎఱిగిన ఈ ప్రాంతమున మిట్టమధ్యాహ్నము ఎండలో కాలిన టైరుపై పూసినది ఎక్కడికక్కడ ఆరిపోయి చారలుగ నిలుచును. స్పాంజితో పలుచగ, అంతటను సమముగ అద్ది, పది పదునైదు నిమిషములు ఆగి, మిగిలినదానిని పొడిగుడ్డతో తుడిచివేయుట విధి. తుడుపని పాలిష్, బండి కదలగనే చక్రము చుట్టునుండి విసరబడి మడ్‌గార్డులపైనను, డోర్లపైనను నల్లని చుక్కలై పడును; పైగా ఎఱ్ఱదుమ్ము ఆ జిడ్డునకు అంటుకొని, హుజూరాబాదు దాటకముందే టైరు మునుపటికంటె వికృతమగును.

నిజమునకు ఈ ప్రక్రియలో టైరునకు మేలు చేయునది ఆ బ్రష్షు పనియే యని ఈ వ్యాసకర్త మతము. గోడను చేతితో రుద్దునప్పుడు గ్రుచ్చుకొన్న మేకు, లోపలి దారములు తెగి బయటికుబికిన బుడిపె, రాతి దెబ్బకు తెగిన గాటు, గాలి తక్కువై నలిగిన గుర్తు ఇవన్నియు కంటబడును. పాలిష్ వానిని మూసివేయును.

పూయగూడని చోట్లు స్పష్టము. నేలను తాకు గాళ్ళ భాగముపైనను, బ్రేకు డిస్కులపైనను చుక్కయైన పడరాదు. సిలికోను పట్టిన బ్రేకు ప్యాడు పట్టు తప్పును. మోటారుసైకిలు టైరునకు దీనిని అసలు వాడగూడదు. మలుపులో బండి ఒరిగినప్పుడు ఆ టైరు అంచులే నేలను పట్టుకొనును గనుక, అందము కొఱకు పూసిన నూనె అచ్చటనే జారుటకు కారణమగును. ఈ ప్రాంతమున కార్లకంటె మోటారుసైకిళ్ళే అధికము. సర్వీసింగ్ కుఱ్ఱవాడు అలవాటు చొప్పున వానిని కూడ మెఱిపించి పంపుట తఱచు.

డెంటింగ్, పెయింటింగ్ పనివారికి సిలికోను బద్ధశత్రువు. పాలిష్ తుంపరలు పడిన బాడీపై క్రొత్తరంగు కొట్టినప్పుడు, రంగు ఆ జిడ్డునుండి తొలగి గుండ్రని చిన్న గుంటలు పడును. సాయంత్రమునకు పని చెడి, మరల గీకి మొదటినుండి చేయవలసివచ్చును. పెయింటింగ్ షెడ్డును, వాటర్ సర్వీసింగును ఒకే ఆవరణలో నడుపువారు నడుమ గోడ కట్టుకొనుట ఇందుకే.

పాత టైర్ల వ్యాపారమున పాలిష్ మఱియొక పని చేయును. ఏండ్ల నాటి టైరును కడిగి, దట్టముగ పూసి వరుసగ నిలబెట్టినచో పగుళ్ళు కనబడవు. కొనుగోలుదారు గుడ్డతో నూనె తుడిచి, బొటనవ్రేలితో గోడను నొక్కి వంచి చూడవలెను. సన్నని గీతలు నోరు తెఱచును. గోడపై డీఓటీ అను అక్షరముల వరుస చివర కోడిగ్రుడ్డు ఆకారపు గడిలో నాలుగు అంకెలుండును: 2719 అనిన 2019వ సంవత్సరము 27వ వారమున తయారైనదని అర్థము. ఈ అంకెలు లోపలివైపునకు త్రిప్పి బిగింపబడియుండవచ్చును గనుక బండి క్రిందికి వంగి చూచుటకు సంకోచింపరాదు. గాళ్ళ అడుగున 1.6 మిల్లీమీటర్ల ఎత్తున ఉండు గుర్తు కట్టలతో నేలను తాకు భాగము సమమైనచో, ఎంత మెఱసినను ఆ టైరు పని ముగిసినట్లే. సెకండ్‌హ్యాండ్ కార్లకును ఇదే పరీక్ష.

దసరా ఆయుధపూజకును, క్రొత్త బండిని కొండగట్టు అంజన్న సన్నిధికి గొనిపోవునప్పుడును ఈ పాలిష్ అమ్మకము హెచ్చును. బంతిపూల దండ, కుంకుమ బొట్టు, చక్రముల క్రింద నిమ్మకాయలు, ఆ నడుమ నల్లగా నిగనిగలాడు టైరు నిజముగ కన్నుల పండువే. పూజనాటి మెఱుపునకు నీటి తెగ చాలును.

కడిగిన నీరు ఎచ్చటికి పోవునన్నది ఇటీవల తలెత్తిన విచారము. టైరులోని 6పీపీడీ ఓజోనుతో కలిసి ఏర్పడు ఒక క్వినోను పదార్థము, వాననీటితో ఏర్లలో చేరి కోహో సాల్మన్ చేపలను చంపుచున్నదని అమెరికా శాస్త్రజ్ఞులు 2020 డిసెంబరులో ‘సైన్స్’ పత్రికయందు ప్రకటించిరి. ఆ చేప మన చెఱువులలో లేదు. ఆ రసాయనము మాత్రము ఇక్కడి టైర్లలోను ఉన్నది. సర్వీసింగ్ కొట్ల నీరు నూనెతో, సిలికోనుతో, గ్రీజుతో కలిసి రోడ్డు ప్రక్క కాలువలోనికి, దానినుండి పొలమునకో చెఱువునకో దిగును గనుక, నూనె పైకి తేలి మట్టి అడుగునకు దిగునట్లు రెండు గదుల గుంట కట్టి, నడుమనున్న నీటిని మాత్రమే విడుచుట యుక్తము; గుంటనుండి తోడిన బురదను పొలముల గట్లపై పోయరాదు.