వయసు అడిగే గడపలు

2017 జూన్‌లో తెలంగాణలో అప్పటి ముఖ్యమంత్రి పేరుతో కేసీఆర్ కిట్ మొదలైనప్పుడు జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాలై ఏడాది కూడా నిండలేదు. సర్కారు దవాఖానలో కాన్పయితే ఆడబిడ్డకు 13 వేలు, మగబిడ్డకు 12 వేలు, విడతలుగా. తల్లికి చీర, బిడ్డకు సబ్బు, నూనె, దోమతెర. దవాఖానకు పోయి రావడానికి అమ్మ ఒడి బండి. తండాల్లో, గూడేల్లో అది చిన్న సంగతి కాదు. 2022 డిసెంబర్‌లో నెయ్యి, ఖర్జూరాలు, ఐరన్ సిరప్‌లతో పోషకాహార కిట్ ముందుగా తొమ్మిది జిల్లాలకు వచ్చింది. వాటిలో భూపాలపల్లి ఒకటి.

కానీ అప్పటికే డబ్బుల విడతలు బకాయి పడుతున్నాయి. 2023 డిసెంబర్‌లో ప్రభుత్వం మారాక కిట్ల సరఫరా కుంటుపడింది. పేరు ఎవరిదైనా, పొత్తిళ్లలో బిడ్డకు సబ్బు కావాలి.

ఇంతకంటే పెద్ద లోటు ఇంకొకటి ఉంది. అది ఏ బడ్జెట్ లెక్కలోనూ కనబడదు. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం రాష్ట్రంలో 20-24 ఏళ్ల ఆడవాళ్లలో 23.5 శాతం మందికి పద్దెనిమిది నిండకముందే పెళ్లయింది. పదహారేళ్లకే కడుపుతో ఉన్న పిల్ల దవాఖానకు పోతే, పిల్లలపై లైంగిక నేరాల చట్టం పోక్సో కింద డాక్టరు పోలీసులకు చెప్పాల్సిందే. చట్టం పిల్లను కాపాడటానికే పుట్టింది, కాదనను. అయితే అల్లుడు జైలుకు పోతాడన్న భయంతో ఇంట్లోవాళ్లు వయసు పెంచి చెప్తారు, లేదంటే దాస్తారు. ఎవరికి రక్తహీనత ఎక్కువో, ఎవరి బిడ్డ తక్కువ బరువుతో పుట్టే ప్రమాదం ఎక్కువో, వాళ్లే ముందు దవాఖాన లెక్కలోంచి తప్పిపోతారు.

2013 ఆహార భద్రతా చట్టం ప్రతి గర్భిణికీ, బాలింతకూ కనీసం 6 వేలు హక్కన్నది, వయసు అడగలేదు. ఆ హక్కు కింద డబ్బిచ్చే కేంద్ర పథకం మాతృ వందన యోజన కొత్త నిబంధనలు మాత్రం 18 ఏళ్ల 7 నెలలు నిండాలన్నాయి. ఆ వయసు నిండని తల్లి తల్లి కాదా?

ఆమెకు మిగిలింది ఆశ వర్కరే. దవాఖాన కాన్పయితే 42 రోజుల్లో ఆరుసార్లు ఇంటికి రావాలి. బిడ్డను తూచాలి, పాలు పట్టే తీరు చూపాలి, ఒళ్లు చల్లబడితే గుండెకు హత్తుకోమని చెప్పాలి. తనే ఇంకా పిల్ల అయిన తల్లికి పెంపకం నేర్పేది ఈ రాకపోకలే. పేరు దాచిన ఇంటి తలుపు ఆశ వర్కర్ ఎట్లా తట్టాలి?