తాకకుండా వాయించేది, చేత్తో చేసుకునేది

వాయువుల విద్యుత్ గుణాలను కొలిచే పరికరం తయారుచేయబోతే థెరెమిన్ అనే సంగీత వాయిద్యం పుట్టింది. 1920లో పెట్రోగ్రాడ్‌లో లెవ్ టెర్మెన్ అనే యువ భౌతికశాస్త్రవేత్త, చెయ్యి దగ్గరికొస్తే పరికరంలోని కూత స్థాయి మారడం గమనించాడు. చెల్లో వాయించడం వచ్చినవాడు కాబట్టి అందులో స్వరాలు వెతికాడు. లోపల రెండు ఆసిలేటర్లు చెవికి అందని పౌనఃపున్యాల్లో కంపిస్తుంటాయి. యాంటెనా దగ్గర చెయ్యి కదిలితే కెపాసిటెన్స్ మారి ఒకదాని పౌనఃపున్యం జరుగుతుంది. ఆ రెండింటి తేడాయే మనకు వినిపించే స్వరం. రెండో చెయ్యి మరో యాంటెనా దగ్గర శబ్దం హెచ్చుతగ్గులు చూసుకుంటుంది. అంటే రేడియో సామాను ఉన్నవాడెవడైనా కట్టుకోగల వాయిద్యమిది. దాన్ని బతికించింది కూడా ఫ్యాక్టరీ కాదు, ఇలా కట్టుకున్నవాళ్లే.

ఫ్యాక్టరీ ప్రయత్నించకపోలేదు. 1929లో అమెరికా రేడియో సంస్థ ఆర్‌సీఏ దీన్ని 175 డాలర్లకు అమ్మకానికి పెట్టింది; వాల్వులు, స్పీకరు ఖర్చు అదనం. తయారైనవి సుమారు 500. ఆర్థిక మాంద్యమే ముంచిందంటారు గానీ అది సగం నిజమే. ఎవరైనా ఇట్టే వాయించేయవచ్చన్నట్టు ప్రచారం చేశారు. మెట్లూ మీటలూ లేనిచోట స్వరస్థానాన్ని చెవితోనే పట్టుకోవాలి, అది సాధన లేకుండా రాదు. థెరెమిన్ వాద్యకారిణి క్లారా రాక్‌మోర్ దాన్ని వయొలిన్‌లా పాడించగలిగింది; హాలీవుడ్ మాత్రం మతిభ్రమణానికీ ఎగిరే పళ్లాలకూ నేపథ్య శబ్దంగా వాడుకుంది. ఆ నష్టం ఇప్పటికీ పూడలేదు, పేరు వినగానే జనానికి దయ్యాలే గుర్తొస్తాయి.

చేత్తో కట్టుకున్నవాళ్లలో అసలు కథ అమెరికా ఇంజినీరు రాబర్ట్ మూగ్‌ది. 1949లో, బడి వయసులోనే పత్రికలో వచ్చిన నమూనా చూసి సొంతంగా థెరెమిన్ కట్టాడు. 1954లో తానే ఒక పత్రికకు నిర్మాణ వ్యాసం రాశాడు. 1961లో ట్రాన్సిస్టర్లతో చేసిన నమూనాను ప్రకటించి, విడిభాగాల కిట్‌ను 49.95 డాలర్లకు పెడితే దాదాపు వెయ్యి అమ్ముడయ్యాయి. ఆర్‌సీఏ అంతటి సంస్థ అమ్మినవాటికి రెట్టింపు! మరి కొన్నేళ్లకే అతని ఎలక్ట్రానిక్ వాయిద్యం మూగ్ సింథసైజర్ వచ్చింది. వాయిద్యాన్ని విప్పి చూడగలవాడికే దాన్ని మార్చాలనీ తోస్తుంది.

చవక థెరెమిన్లలో స్వరాల మధ్య దూరాలు సమంగా ఉండవు, వేడెక్కేకొద్దీ శ్రుతి జారుతుంది అని అభ్యంతరం. నిజమే, కచేరీకి అది లోపమే. ప్రయోగం చేసేవారికి మాత్రం ఆ జారుడూ ముడిసరుకే. గమకానికి అలవాటుపడిన చెవికైతే మరీను. కాకపోతే కొనేముందు రెండు సంగతులు చూసుకోవాలి. చేతి నీడ పడితే కూసే కాంతి సెన్సర్ బొమ్మలు థెరెమిన్లు కావు. జపాన్ సంస్థ గక్కెన్ పత్రికతో పాటు ఇచ్చిన చిన్న కిట్‌లా ఒకే యాంటెనా ఉంటే శబ్దం హెచ్చుతగ్గుల అదుపు లేక స్వరాలను విడగొట్టడం కష్టం, అంతా ఏకధాటి జారుడే. రెండు యాంటెనాలతో ఆర్డునో అనే చిన్న కంట్రోలర్ బోర్డుమీద అమర్చుకునే ఓపెన్ థెరెమిన్ నమూనా అందరికీ ఉచితంగా అందుబాటులో ఉంది. సోల్డరింగ్ వచ్చినవారు మొదలుపెట్టాల్సింది దానితోనే.