గునపం, దుంగ, మోకు: బరువులు కదిలించిన కథ

మన ఉద్యోగ జీవితమంతా కాగితాలు కదిలించడంతోనే గడిచింది. ఒక బల్ల మీది ఫైలు పక్క బల్ల మీదికి చేరడానికి ఎంతకాలం పట్టేదో మీకు నేను చెప్పనక్కరలేదు. ఈ ప్రత్యేక సంచికకు చరిత్ర విషయమై ఏదైనా రాయమని సంపాదకులు కోరినప్పుడు, కాగితాల సంగతి కాక, నిజంగా బరువైన వస్తువులను మనుషులు ఎలా కదిలించారో రాద్దామనిపించింది. అందుకు కారణం ఆమధ్య మా ఇంట్లో జరిగిన ఒక పని.

మా అబ్బాయి ఇంటి వెనుక రేకుల షెడ్డులో చిన్న వర్క్‌షాపు పెట్టుకున్నాడు. విజయవాడ ఆటోనగర్‌లో పాత లేత్ మిషను ఒకటి కొన్నాడు. బరువు సుమారు 800 కిలోలు. లారీవాళ్ళు దానిని వీధి గుమ్మం ముందు దించి వెళ్ళిపోయారు. అక్కడి నుంచి షెడ్డుకు 40 అడుగులు. మధ్యలో ఉన్నది నాలుగడుగుల సందు. క్రేను వచ్చే దారి లేదు. చివరకు ఒక వృద్ధ హమాలీ మేస్త్రి నలుగురు మనుషులను వెంటబెట్టుకొని వచ్చాడు. వారి సామగ్రి అంతా కలిపి రెండు గునపాలు, ఐదు ఇనుప పైపు ముక్కలు, కొన్ని చెక్కలు, ఒక మోకు.

"ఇంతేనా మేస్త్రీ?" అన్నాను.

"ఇంకేం కావాలి బాబుగారూ, తొందర లేకపోతే చాలు" అన్నాడు.

నేను అరుగు మీద కుర్చీ వేసుకొని కూర్చున్నాను. వారు చేస్తున్న పని ఎంత పురాతనమైనదో, చదివిన పుస్తకాలలోంచి ఒక్కొక్కటే జ్ఞాపకం వచ్చింది.

ఈజిప్టు దేశంలో దేర్ ఎల్ బెర్షా అనేచోట జెహుతీహోతెప్ అనే అధికారి సమాధి ఉంది. అది సుమారు 3,850 సంవత్సరాల నాటిది. దాని గోడమీద ఒక చిత్రం ఉంది. ఒక బ్రహ్మాండమైన విగ్రహాన్ని చక్రాలు లేని చెక్కబండి మీద కూర్చోబెట్టి, 172 మంది నాలుగు వరుసలుగా తాళ్ళు పట్టి లాగుతున్నారు. విగ్రహం మోకాళ్ళ మీద నిలబడి ఒకడు చప్పట్లతో తాళం వేస్తున్నాడు. బండి ముందు భాగాన నిలబడి మరొకడు నేలమీద నీళ్ళు పోస్తున్నాడు. ఆ నీళ్ళు పోయడం ఏదో పూజావిధి అని కొందరు పండితులు చాలాకాలం భావించారు. 2014లో ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు ప్రయోగం చేసి చూశారు. ఇసుకను తగుపాళ్ళలో తడిపితే బండి ముందు ఇసుక కుప్ప పడదు. లాగడానికి కావలసిన బలం సుమారు సగానికి తగ్గుతుంది. మరీ ఎక్కువ తడిపితే మళ్ళీ కష్టమే. అంటే ఆ నీళ్ళు పోసినవాడు 172 మందికి సాయపడిన ఒక్కడు.

క్రీ.శ. ఒకటో శతాబ్దంలో అలెగ్జాండ్రియా నగరవాసి హెరాన్ బరువులను కదిలించే ఐదు సాధనాలను వివరించాడు. అవి ఇరుసుతో కూడిన చక్రం, తులాదండం, కప్పీ, చీల, మర. ఆయన గ్రీకు గ్రంథం పోయినా, దాని అరబ్బీ అనువాదం మిగిలింది. మన హమాలీ చేతిలోని గునపం ఆ ఐదింటిలో తులాదండమే. ఐదడుగుల గునపాన్ని, మొనకు మూడంగుళాల దూరంలో చెక్క ఆధారంగా పెట్టి నొక్కామనుకోండి. ఇవతల 57 అంగుళాలు, అవతల 3 అంగుళాలు. మనం వేసిన బలం 19 రెట్లు అవుతుంది. 25 కిలోల బలంతో నొక్కితే 475 కిలోలు లేస్తాయి. అయితే ప్రకృతి ఏదీ ఉచితంగా ఇవ్వదు. చేతిని 19 అంగుళాలు దించితే బరువు లేచేది ఒక్క అంగుళమే. అందుకే మేస్త్రి తొందర వద్దన్నాడు.

రోము నగరంలో ఒక ఏకశిలా స్తంభం ఉంది. ఎత్తు సుమారు 25 మీటర్లు, బరువు 300 టన్నుల పైమాటే. 1586లో ఐదవ సిక్స్‌టస్ పోపు ఆజ్ఞపై డొమినికో ఫోంటానా అనే వాస్తుశిల్పి దానిని సెయింట్ పీటర్స్ చర్చి పక్క నుంచి ముందరి ఆవరణలోకి మార్చాడు. తాళ్ళు చుట్టే నిలువు రాట్నాలు 40, వాటిని తిప్పడానికి ఎనిమిది తొమ్మిది వందల మంది మనుషులు, గుర్రాలు కూడాను. ఇంతమంది ఉన్నచోట తలా ఒక మాట అంటే స్తంభం విరుగుతుంది. అందుకని బాకా ఊదితే తిప్పాలి, గంట కొడితే ఆపాలి. మధ్యలో ఎవరూ నోరు మెదపరాదని కట్టడి చేశారు. స్తంభం క్షేమంగా పడుకొని, రోలర్ల మీద ప్రయాణించి, సెప్టెంబరు 10న కొత్తచోట నిలబడింది.

రష్యాలో ఇంతకు మించిన పని జరిగింది. సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో పీటర్ చక్రవర్తి విగ్రహానికి పీఠంగా కేథరిన్ మహారాణి ఒక పెద్ద బండను తెప్పించింది. తరలించేనాటికి దాని బరువు సుమారు 1,250 టన్నులు. మారినోస్ కార్బురిస్ అనే గ్రీకు ఇంజనీరు గాడులు తొలిచిన పట్టాలు వేయించి, ఆ గాడులలో కంచు గుండ్లు పెట్టి, వాటి మీద బండను దొర్లించాడు. ఇప్పటి బాల్ బేరింగుకు అది పూర్వరూపం. గట్టిపడిన మంచునేల మీద సుమారు 400 మంది రాట్నాలు తిప్పితే రోజుకు 150 మీటర్లకు మించి కదిలేది కాదు. సముద్రం దాకా ఆరు కిలోమీటర్లు అలా సాగి, అక్కడి నుంచి ప్రత్యేకమైన పడవ మీద 1770లో నగరం చేరింది. వెనుకనున్న పట్టాలు ఊడదీయడం, ముందు పరవడం, మళ్ళీ లాగడం. మా సందులో వెనుక బయటపడిన పైపును తెచ్చి ముందు పెడుతున్న కుర్రవాడు చేసినదీ అదే పని.

తరువాత 1795లో జోసెఫ్ బ్రామా ఇంగ్లండులో హైడ్రాలిక్ ప్రెస్సుకు పేటెంటు పొందాడు. చిన్న గొట్టంలో నీటిని నొక్కితే పెద్ద గొట్టంలో అనేక రెట్ల బలం పుడుతుంది. మన కార్లకింద పెట్టే హైడ్రాలిక్ జాకీ ఆ సంతతిదే. లండన్‌లో గ్రేట్ ఈస్టర్న్ అనే మహానౌకను 1857 నవంబరులో నీటిలోకి దింపబోయినప్పుడు, ఓడ హఠాత్తుగా కదిలి, గొలుసు రాట్నం ఎదురు తిరిగింది. దాని పిడులు పట్టుకున్న కూలీలు ఎగిరిపడ్డారు; ప్రాణనష్టం కూడా జరిగింది. ఆపైన హైడ్రాలిక్ జాకీలు అనేకం తెచ్చి అంగుళం అంగుళం తోసి, 1858 జనవరి 31న దానిని నీటిలో తేల్చారు.

ఇక మనవారందరికీ తెలిసినది హుస్సేన్ సాగర్ బుద్ధ విగ్రహం. అప్పటి నల్గొండ జిల్లా రాయగిరి వద్ద గణపతి స్థపతి ఆధ్వర్యంలో చెక్కిన ఏకశిల. ఎత్తు 58 అడుగులు, బరువు సుమారు 350 టన్నులు. రోడ్డు మీద ట్రైలరులో క్షేమంగానే హైదరాబాదు చేరింది. 1990 మార్చి 10న బార్జి మీద సాగరం మధ్యకు తీసుకుపోతుండగా జారి నీటిలో పడింది. పలువురు ప్రాణాలు కోల్పోయారు. విగ్రహం రెండున్నరేళ్ళకు పైగా నీటి అడుగునే ఉండి, 1992 డిసెంబరు 1న పీఠం మీద నిలిచింది. ఎక్కువ దూరం క్షేమంగా వచ్చిన బరువుకైనా చివరి నాలుగు గజాలలో ప్రమాదం పొంచి ఉంటుంది.

మళ్ళీ మా లేత్ దగ్గరకు వద్దాం. మేస్త్రి ముందుగా దాని చుట్టూ రెండుసార్లు తిరిగాడు. లేత్‌కు మోటారు, హెడ్‌స్టాకు ఉన్న కొస బరువెక్కువ. పైభాగం బరువు, పాదం సన్నం. కాబట్టి పక్కకు ఒరిగే గుణం ఉంది. మధ్యలో జరిగే క్యారేజిని రెండవ కొసకు జరిపించి బిగించాడు. గునపంతో ఒక కొస అంగుళం లేపారు, వెంటనే కింద చెక్క పెట్టారు. మరో అంగుళం, మరో చెక్క. పైపులు దూరాక చెక్కలు ఒక్కొక్కటే తీశారు. ఎప్పుడూ మూడు పైపులకు తక్కువ కాకుండా మిషను కింద ఉంచారు. షెడ్డు ముందు వాలు దగ్గర మోకును వేపచెట్టుకు మూడు చుట్లు చుట్టి, ఒక్క మనిషి చేత కొద్దికొద్దిగా వదిలించాడు. మాట్లాడింది మేస్త్రి ఒక్కడే. ఒకసారి గునపం జారింది. మిషను అర అంగుళం దిగి చెక్క మీద కూర్చుంది. ఎవరికీ ఏమీ కాలేదు.

"జారిందే!" అన్నాను కంగారుగా.

"గునపం జారకుండా ఉంటుందా బాబుగారూ? జారినప్పుడు కింద చెక్క ఉండాల, కాలు ఉండకూడదు" అన్నాడు.

ఆ మాట వినగానే నాకు 1970లనాటి ఒక ఫైలు గుర్తుకు వచ్చింది. నేను పనిచేసిన కార్యాలయపు యార్డులో డ్రిల్లింగ్ మిషను ఒకటి షెడ్డు మారుస్తుండగా గునపం జారి, దినకూలీ ఒకతని పాదం నలిగింది. ఆరోజే పూర్తి కావాలని పైనుంచి ఒత్తిడి. కాగితాలు నా బల్ల మీదికి వచ్చాయి. మిషను నంబరు, బరువు, ఖరీదు, దానికి నష్టమేమీ లేదన్న సంగతి అన్నీ రాశాను. కారణం అన్నచోట "సదరు కూలీ యొక్క అజాగ్రత్త వలన" అని రాసి పైకి పంపాను. కింద చెక్కలు పెట్టారా అని నేను అడగలేదు. పైన సంతకం చేసినవారూ అడగలేదు. ఆ ఒక్క వాక్యం ఆధారంగా అతనికి రావలసిన పరిహారం తగ్గింది.

అతని పేరు ఇప్పుడు నాకు గుర్తులేదు. వాక్యం మాత్రం గుర్తున్నది. 172 మందిని బొమ్మ గీసినవారు కూడా విగ్రహం ఎవరిదో రాశారు గాని, తాడు పట్టినవారి పేర్లు రాయలేదు. నేనూ ఆ పద్ధతిలోనే నడిచాను.

రెండున్నర గంటల్లో లేత్ షెడ్డులో కూర్చుంది. మా ఆవిడ అందరికీ మజ్జిగ ఇచ్చింది. అడిగిన కూలికి కొంత కలిపి ఇచ్చి, మేస్త్రి పేరు, అతని మనుషుల పేర్లు అడిగి నా డైరీలో రాసుకున్నాను.

మీ ఇళ్ళలో బీరువా గాని, పిండిమర గాని, మిషను గాని జరపవలసివస్తే, పిల్లలను తొందరపడనివ్వకండి. లేపినంత మేరకు చెక్క పెట్టించండి, మాట ఒక్కరి నోటనే ఉండనివ్వండి. మనలో ప్రాజెక్టుల్లో, వర్క్‌షాపుల్లో పనిచేసిన మిత్రులు చాలామంది ఉన్నారు. మీరు చూసిన ఇటువంటి పనులు, ఆ పనివారి పేర్లు గుర్తుంటే పేర్లతో సహా, వచ్చే సంచికకు రాయవలసిందిగా కోరుతూ, సెలవు.