మూసకు తప్పిన బంగారము

దిల్‌సుఖ్‌నగరు మొదలుకొని లాల్ బహదూరు నగరు కూడలి వఱకు సాయంకాలము నడచిపోవు వారికి బంగారు దుకాణముల దీపకాంతి వలన చీకటి పడిన సంగతియే తెలియదు. గత సంవత్సర మొక పెండ్లి పనిమీద నట్టి దుకాణమొకదానిలో గూర్చుండి యుండగా, నా ప్రక్కనున్న వృద్ధురాలు కొంగుముడి విప్పి యొక నాణెమును బల్లపై బెట్టెను. "మా అత్తమ్మ ఇచ్చింది బిడ్డా, మనుమరాలి గాజులల్ల కలుపుండ్రి" అనెను. నాణెము నడుమ చార్మినారు బొమ్మ. అంచున హారమునకు గ్రుచ్చుటకై యతికించిన కొండి. దుకాణపు యువకుడు దానిని త్రాసులో నుంచి, మాఱ్పు చూచి, కొండికి తరుగు తీసివేసి లెక్క చెప్పెను. "మీద సంవత్సరము చూచితిరా?" యని నేనడిగితిని. "సంవత్సరంతో మాకేం పని సార్, తూకమే కదా" అని యతడు నవ్వెను. నేను కండ్లజోడు తీసి పెట్టుకొనునంతలో నాణెము లోపలికి బోయెను.

అతని మాటలో తప్పు లేదు. బంగారమునకు తూకము, మాఱ్పు, నాటి ధర, ఈ మూడే వెల. అయినను ఆ వృద్ధురాలి చేతిలోనిది వట్టి బంగారము కాదు, నిజాముల అశ్రఫీ. సుమారు 11 గ్రాముల తూకము గల యీ నాణెమునకు బజారులో రూపాయివలె స్థిరమైన మారకము లేకుండెను; బంగారపు ధరతోపాటు హెచ్చుచు తగ్గుచుండెడిది. సరకులు కొనుటకంటె దాచుకొనుటకును, దర్బారులో నజరు సమర్పించుటకును దాని నెక్కువగా వాడిరి. కడపటి నిజాము మీర్ ఉస్మాన్ అలీఖానునకు ఒక అశ్రఫీయు నాలుగు రూపాయలును నజరిచ్చుట వాడుక.

ఈ నాణెములపైని యక్షరములు చదువ నేర్చినవారికి రాజ్యచరిత్ర యంతయు నందు కనబడును. నిజాములు చిరకాలము ఢిల్లీ పాదుషా పేరుతోనే నాణెములు ముద్రించిరి. 1857 తిరుగుబాటు అణగి ఆ సింహాసనమే లేకుండ బోయిన పిదప, ఐదవ ఆసఫ్‌జా యగు అఫ్జలుద్దౌలా కాలమున పాదుషా పేరు తొలగి వంశమూలపురుషుడైన నిజాముల్‌ముల్క్ ఆసఫ్‌జా పేరు వచ్చెను. ఆ నాటి నాణెములు సుత్తితో గొట్టినవి. అచ్చు పెద్దది, బిళ్ల చిన్నది. కావున అక్షరములలో కొన్ని బిళ్లమీద పడక బయటనే నిలిచిపోయెడివి. సంవత్సరము పూర్తిగా పడిన నాణెమునకై సేకర్తలు వెదకుటకు కారణమిదియే. 1903లో సైఫాబాదున క్రొత్త టంకశాల నెలకొన్నది. చార్మినారు బొమ్మగల నాణెములు ఆ కాలమునుండి వచ్చినవి. ఆ బొమ్మలోని ద్వారమున నొక చిన్న యక్షర ముండును. మీర్ మహబూబ్ అలీఖాను నాణెములందు అది 'మీమ్', ఉస్మాన్ అలీఖాను నాణెములందు 'ఐన్'. ఉస్మాన్ అలీఖాను 1911లో గద్దె నెక్కిన తొలినాళ్లలో ఆ 'ఐన్' పొట్టిగా జెక్కబడి, కొలది కాలములోనే నిండుగా మాఱెను. నువ్వుగింజంత యక్షరము! దాని పొట్టితనమును భూతద్దము పెట్టి చూచి యెక్కువ వెల యిచ్చువారున్నారని చెప్పిన, త్రాసు పట్టువాడు మనకు మతి చలించినదనుకొనును.

ఇది వెఱ్ఱియా, వివేకమా? ఈ పేటలలో బిడ్డ యొకడైన అమెరికాలో లేని కుటుంబములు తక్కువ గనుక, ఆ దేశపు కథలు రెండు చెప్పెదను.

1822వ సంవత్సరమున అమెరికా టంకశాల అయిదు డాలర్ల బంగారు నాణెములు 17,796 ముద్రించినట్లు లెక్క గలదు. నేడు వానిలో ఎఱుకపడినవి మూడే. తక్కినవి సముద్రమున మునుగలేదు, దొంగలపాలు కాలేదు. ఆ కాలమున నాణెమునందలి బంగారపు వెల అయిదు డాలర్లను మించుటచే జనులు వానిని కరగించి లాభము పొందిరి. 1834లో శాసనము మార్చి నాణెములో బంగారము తగ్గించు వఱకు నీ కరగించుట సాగినది. మిగిలిన మూడింట రెండు వాషింగ్టనులోని జాతీయ ప్రదర్శనశాలలో నున్నవి. మూడవది 2021లో వేలమునందు 84 లక్షల డాలర్లకు బోయెను. అందలి బంగారము తులము కూడ లేదు. ముద్రించిన సంఖ్య కాక, మూసకు తప్పిన సంఖ్యయే దాని వెలను నిర్ణయించినది.

(దిల్‌సుఖ్‌నగరు నానుకొనియున్న చైతన్యపురిలో, మూసీ యొడ్డున, విష్ణుకుండినుల నాటి ప్రాకృత శాసన మొకటి రాతిమీద నున్నది. గోవిందరాజ విహారమను బౌద్ధ విహారమును బేర్కొను ఆ శాసనము పదునైదు శతాబ్దములు నిలిచినది. రాతికి కరగు ధర లేకుండుటయు దానికి గొంత రక్ష యైనదేమో!)

రెండవ కథ యింకను విచిత్రము. 1933లో అమెరికాలో ఇరువది డాలర్ల నాణెములు 4,45,500 ముద్రింపబడెను. ఒక్కొక్కటి 33 గ్రాములకు పైబడిన తూకము. పదింట తొమ్మిదివంతులు మేలిమి. అదే సంవత్సరము ఏప్రిలులో అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్టు ప్రజలు తమ బంగారమును ప్రభుత్వమునకు అప్పగింపవలెనని యాజ్ఞాపించెను. కావున ఆ నాణెములు వాడుకలోనికి రానేలేదు. ప్రదర్శనశాలకై రెండింటి నుంచుకొని తక్కినవన్నియు 1937 నాటికి కరగించిరి. కాని కొన్ని టంకశాల గడప దాటి, ఫిలడెల్ఫియా నగరపు నగల వర్తకు డొకని చేతికి జేరెను. అందొకదానిని ఈజిప్టు రాజు ఫరూకు కొని, 1944లో అమెరికా ప్రభుత్వమునుండియే యెగుమతి పత్రము పొందెను. పత్రమిచ్చిన యధికారి పొరపాటున నిచ్చెను. 1952లో ఫరూకు రాజ్యము పోయెను. 1954లో ఆయన నాణెములు వేలమునకు రాగా, అమెరికా కోరికపై దీనిని తీసివేసిరి. పిదప అది కనబడలేదు. 1996లో న్యూయార్కున నొక వర్తకుని యొద్ద పట్టుబడినదాని నా నాణెముగానే యెంచిరి. వ్యాజ్యము రాజీపడి, 2002లో అది 75 లక్షల 90 వేల డాలర్లకు అమ్ముడువోయెను. దానిని చెల్లుబాటగు నాణెముగా జేయుటకు మఱి యిరువది డాలర్లు ప్రభుత్వము పుచ్చుకొనెనట! 2021లో మరల వేలమున ఒక కోటి 89 లక్షల డాలర్లు పలికెను.

ఇక, ఆ నగల వర్తకుని వారసుల యొద్ద అట్టి నాణెములే పది బయటపడెను. వారు వానిని పరీక్షకై టంకశాలకు బంపగా ప్రభుత్వము తిరిగి యీయలేదు. 2011లో న్యాయస్థానమున జూరీ అవి దొంగిలింపబడిన ప్రభుత్వపు సొత్తని తేల్చెను. 2017లో సర్వోన్నత న్యాయస్థానము వారి మొఱ వినుటకు నిరాకరించెను. బంగార మొకటే, అచ్చొకటే, సంవత్సర మొకటే. ఒకదాని వెంట కాగితము ముక్క యున్నది, పదింటి వెంట లేదు. నాణెము ఎవరి చేతినుండి యెవరి చేతికి వచ్చెనో చెప్పు సాక్ష్యమునకు నింత బలము గలదు.

అమెరికా సేకర్తలు నాణెపు స్థితిని 1 మొదలు 70 వఱకు అంకెలతో గొలుతురు. 1949లో విలియం షెల్డను రాగినాణెములకై కల్పించిన కొలత యది; నేడు బంగారమునకును అదియే. ఒక్క అంకె తేడాతో వెల యెన్నో రెట్లు మాఱవచ్చును. మన యిండ్లలోనో, పండుగ వచ్చిన చింతపండు పెట్టి మెఱయునట్లు తోముదుము, కొండి యతికింతుము, బెజ్జము వేయుదుము. ఇందుకు మన పెద్దముత్తైదువులను నిందింప నాకు నోరు రాదు. తండ్రి యాస్తిలో కూతురికి పాలులేని కాలమున మెడలోని కాసులపేరే ఆమెకు బ్యాంకు. కూతురికి కొడుకుతో సమముగా వారసత్వ హక్కునిచ్చు సవరణ ఆంధ్రప్రదేశమున 1980ల నడుమను, దేశమంతటికి 2005లోను గాని రాలేదు. అంతవఱకు నాణెమును మెడలో వ్రేలాడదీసి కాపాడుకొనుటకంటె వారికి వేఱు దారి యేమున్నది?

అమెరికాలోని కొడుకు కీయదలచిన తల్లులు మాత్రము ఒక సంగతి యెఱుగుట మంచిది. 1972నాటి పురావస్తు శాసనము ప్రకారము నూఱేండ్లు నిండిన నాణెము పురావస్తువు. దానిని దేశము దాటించుట నేరము. మహబూబ్ అలీఖాను 1911లో గతించెను గనుక ఆయన అశ్రఫీ లన్నియు నీ శాసనమునకు లోబడినవే. ఇంటనుంచుకొనుటకు, దేశములో మఱియొకరికి ఇచ్చుటకు అభ్యంతరము లేదు. కరగించుటకును లేదన్నట్లే జరుగుచున్నది.

దుకాణములో లెక్క వ్రాయుచుండగా నేనా వృద్ధురాలిని, అశ్రఫీ మీ యత్తగారి కెట్లు వచ్చెనని యడిగితిని. ఆమె సంతోషముతో జెప్పెను. అత్తగారి తండ్రి కచేరీలో గుమాస్తా యట. దర్బారులో నజరిచ్చు భాగ్యము గలిగి, అప్పుచేసి రెండశ్రఫీలు కొనెనట. ఒకటి చాలునని యెవరో చెప్పగా రెండవదానిని ఇంటికి దెచ్చి కూతురి చేతిలో బెట్టెనట. ఆ యప్పు తీరుటకు మూడేండ్లు పట్టినదని చెప్పి ఆమె నవ్వెను. ఇంతలో యువకుడు రసీదు తెచ్చి యిచ్చెను. అందు "పాత బంగారం" అనియు, దాని క్రింద తూకమును వ్రాసి యుండెను.