గాదంకి: ఆకాశమునకు ఒగ్గిన చెవి

శ్రావణమాసమున ఒకనాటి సాయంకాలము చంద్రగిరి కోట యెదుట నిలిచి పైకి చూచినచో, మేఘములు పడమటినుండి తూర్పునకు సాగిపోవుట కనబడును. అది నైరృతి ఋతుపవనము దారి. కాని ఆ మేఘములకు ఎంతో ఎత్తున, నేలకు సుమారు 15 కిలోమీటర్ల పైన, అదే సమయమున మరియొక గాలి ఎదురుదిక్కున, తూర్పునుండి పడమరకు, గంటకు నూరు కిలోమీటర్లకు మించిన వేగముతో ప్రవహించుచుండును. అది మన కంటికి కానరాదు. వానకాలమున దక్షిణభారతము మీదుగా పారు ఈ గాలినదిని గూర్చి 1958లో శాస్త్రలోకమునకు వివరముగా తెలిపినవారు మన తెలుగువారే. ఆయన పంచేటి కోటేశ్వరంగారు. పిమ్మట భారత వాతావరణ శాఖకు అధిపతియైరి.

ఆ దినములలో పైగాలులను తెలిసికొనుటకు ముఖ్యసాధనము బెలూను. తేలికయైన వాయువు నింపిన బెలూనునకు చిన్న రేడియో యంత్రమును కట్టి విడిచెదరు. అది పైకి పోవుచు వేడిమిని, పీడనమును, తేమను తెలుపుచుండును. కొట్టుకొనిపోవు దారిని బట్టి గాలి వేగము తెలియును. నేటికిని లోకమంతట ఈ పద్ధతి నడచుచునే యున్నది. అయితే బెలూను సాధారణముగా దినమునకు రెండుమారులే ఎగురును. ఆ రెంటి నడుమ గంటలలో ఏమి జరిగినదో చెప్పునది ఏది? గాలి పైకి లేచుచున్నదా, క్రిందికి దిగుచున్నదా యని కొలుచుట ఎట్లు? ఈ ప్రశ్నలకు సమాధానము వెదకు యంత్రమొకటి చంద్రగిరికి చేరువనే, గాదంకి గ్రామమున కలదు. దాని వంశవృక్షమును చూడబోయినచో అది మన ఇండ్లలోని రేడియోకు దగ్గరి చుట్టమని తెలియును.

1924 జూలై 31న కృష్ణస్వామి చెట్టిగారి పూనికతో మద్రాసు రేడియో క్లబ్బు తన ప్రసారములను ప్రారంభించెను. అదే సంవత్సరము డిసెంబరులో ఇంగ్లండున ఎడ్వర్డ్ ఆపిల్టన్ అను శాస్త్రజ్ఞుడు బి.బి.సి. వారి బోర్న్‌మత్ ప్రసార కేంద్రమును, కార్యక్రమములు ముగిసిన పిమ్మట, తన ప్రయోగమునకు వాడుకొనెను. ఆ కేంద్రమునుండి వెడలిన తరంగములు ఎత్తున ఒక విద్యుత్పొరకు తగిలి తిరిగివచ్చుచున్నవని నిరూపించెను. 1947లో ఆయనకు నోబెల్ బహుమతి లభించెను. 1935 ఫిబ్రవరిలో రాబర్ట్ వాట్సన్ వాట్, డావెంట్రీలోని మరియొక ప్రసార కేంద్రపు తరంగములు ఎగురుచున్న విమానమునకు తగిలి మరలివచ్చుటను చూపెను. బ్రిటనులో రాడార్ నిర్మాణమునకు అది నాంది. మాటలను, పాటలను పంపుటకు పెట్టిన కేంద్రములే ఆకాశమును తడిమి చూచు చేతులైనవి. రేడియోలో పనిచేయు మావంటివారికి ఇది కొంత గర్వకారణము.

మనదేశమున కలకత్తాలో శిశిరకుమార మిత్రగారు ఈ విద్యకు పునాదులు వేసిరి. ఊర్ధ్వవాతావరణముపై వారి ఉద్గ్రంథము 1947లో వెలువడెను. వాల్తేరున ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో ఆచార్య బి. రామచంద్రరావుగారును, వారి శిష్యులును రేడియో తరంగముల సాయముతో అయనమండలపు కదలికలను పరిశీలించిరి. ఇక 1974లో పెరూ దేశపు హికమార్కా కేంద్రమునుండి వుడ్‌మన్, గియెన్ అను శాస్త్రజ్ఞులు ఒక కొత్త సంగతి ప్రకటించిరి. మేఘము గాని, విమానము గాని లేని నిర్మలాకాశమునుండి సైతము తగినంత శక్తిగల రాడారునకు ప్రతిధ్వని వచ్చును. దానినిబట్టి గాలుల నడకను కొలువవచ్చును. ఈ వార్త మన శాస్త్రజ్ఞులలో ఆశను రేకెత్తించెను. ఉష్ణమండలపు ఆకాశము మనది, ఋతుపవనము మనది, దానిని కొలుచు సాధనము మాత్రము మనకు లేకపోయెను.

ఈ లోటునకు వెనుక ఒక పాతకథ కలదు. విజయనగర రాజుల చివరి రాజధానులలో చంద్రగిరి యొకటి. ఆ రాజుల యేలుబడికి లోబడిన దామెర్ల నాయకులు 1639లో సముద్రతీరమున కొంత నేలను ఈస్టిండియా కంపెనీవారికి ఇచ్చిరి. అదియే మద్రాసు. అచ్చట 1792లో కంపెనీవారు నక్షత్రశాలను కట్టిరి. నౌకాయానమునకు, భూగోళ విజ్ఞానమునకు తోడ్పడుట దాని ఉద్దేశము. 1796నుండి అందు వాతావరణ విషయములు కూడ వ్రాసిపెట్టిరి. ఆ లెక్కలు విలువైనవే, కాదనరాదు. కాని ఏమి కొలువవలయునో, ఎవరికొరకు కొలువవలయునో నిర్ణయించినవారు పరులు.

అటుపిమ్మట సుమారు రెండువందల ఏండ్లకు, 1990 దశకపు తొలి సంవత్సరములలో, కేంద్ర ప్రభుత్వపు పలు శాఖలు కలిసి గాదంకిలో ఎం.ఎస్.టి. రాడారును నెలకొల్పినవి. తిరుపతినుండి చంద్రగిరి మీదుగా చిత్తూరు వైపు పోవు రహదారి చెంత ఆ గ్రామమున్నది. చుట్టును కొండలుండుటచే నగరముల విద్యుత్కోలాహలము అచ్చటికి అంతగా చేరదు. శ్రీహరికోటయు, శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయమును దూరము కావు. యంత్రమును రూపొందించినది 'సమీర్' అను భారతీయ సంస్థ. సమీరమనగా గాలి, పేరు చక్కగా అమరినది.

రాడారనగా గిరగిర తిరుగు పెద్ద పళ్లెమును ఊహించుకొని పోయినవారికి అచ్చట ఆశ్చర్యము కలుగును. సుమారు నాలుగెకరముల చదరపు నేలలో, 32 వరుసలలో, వరుసకు 32 వంతున 1,024 ఏరియళ్లు నిలిచియుండును. ఒకప్పుడు మన మేడలపై టెలివిజను కొరకు పెట్టుకొనిన చేపముల్లు వంటి ఏరియలు జాతివే అవి. జపానులో ఉడా, యాగీ అనువారు 1926లో ఆ రూపమును లోకమునకు తెలిపిరి. ఇవి కదలవు. వరుసలో నిలిచినవారు క్షణము వెనుకముందులుగా అడుగువేసినచో వరుస యంతయు పక్కకు తిరిగినట్లు, ఒక్కొక్క ఏరియలుకు తరంగమును సూక్ష్మమైన కాలభేదముతో అందించి కిరణమును కోరిన దిక్కునకు త్రిప్పెదరు.

తొలినాటి యంత్రము పంపు స్పందనము గరిష్ఠముగా 25 లక్షల వాట్లు. తిరిగివచ్చు ప్రతిధ్వని మాత్రము అత్యల్పము. దానిని పట్టుకొను ఉపాయము వినదగినది. తిరుపతి గంగజాతరలో దూరమునుండి ఒకరు మనలను ఒక్కమారు పిలిచినచో వినబడదు. అదే పిలుపు ఒకే తీరున వందలమారులు వచ్చినచో, మారిపోవుచుండు జనఘోషలోనుండి మారని ఆ పిలుపు తేలివచ్చును. యంత్రము ఇట్లే అసంఖ్యాక ప్రతిధ్వనులను కూడి చూచును. ఇక గాలి వేగము తెలియుట రైలు కూత వలన మనకు అనుభవమే. పాకాల జంక్షనులో నిలిచియున్నవారికి దరిచేరు బండి కూత హెచ్చుస్థాయిలోను, దూరమగు బండి కూత తగ్గుస్థాయిలోను వినబడును గదా! తరంగపు స్థాయిలో అట్టి మార్పునుబట్టి గాలి ఎటు, ఎంత వేగముతో పోవుచున్నదో గణింతురు. నిట్టనిలువుగా పంపిన కిరణము గాలి లేచుటను, దిగుటను కూడ చెప్పును. కొన్ని నిమిషములకొక మారు ఈ వివరములు లభించును.

ఈ శ్రమ ఎవరికొరకు? రాయలసీమ పడమటి కనుమల వర్షచ్ఛాయలో నున్నది. మబ్బు వచ్చి, ఊరించి, చినుకు రాల్చక పోవుట ఇచ్చటి రైతునకు తరతరముల అనుభవము. అదే నేలపై 2021 నవంబరులో స్వర్ణముఖి పొంగెను. తిరుపతి చేరువనున్న రాయలచెరువు గట్టు తెగునేమోయని చుట్టుపట్ల గ్రామములవారిని తరలించవలసి వచ్చెను. కరవైనను, వరదయైనను మూలము గాలి లేచుటలోను, మేఘము పెరుగుటలోను ఉన్నది. గాదంకి రాడారు రేపు వాన కురియునా యని చెప్పు జ్యోతిష్కుడు కాదు. మేఘము పుట్టుక, పెరుగుదల ఎట్లు జరుగునో తెలుపు కొలతలను అది కూర్చిపెట్టుచున్నది. అట్టి కొలతలు లేని జోస్యము పునాది లేని గోడ.

2005లో ఈ కేంద్రము జాతీయ వాతావరణ పరిశోధనాలయమైనది. తదుపరి రాడారును కొత్తగా తీర్చి, ప్రతి ఏరియలుకును ఒక చిన్న ప్రేషక గ్రాహక యంత్రమును అమర్చిరి. ఆ 1,024 యంత్రములలో ఏవో కొన్ని చెడినను తక్కినవి పనిని సాగించును. గొప్ప పని ఒక్క భుజముపై నుండరాదను నీతి ఇందు కలదు.

నేడు సాంకేతిక వార్త అనగానే చేతిలోని ఫోను, నెలకొక కొత్త వ్యాపార సంస్థ తలపునకు వచ్చుచున్నవి. తిరుపతి పరిసరములలో అట్టి పరిశ్రమలును వెలసినవి, పలువురకు జీవనమిచ్చుచున్నవి, సంతోషమే. అయితే ఫలము ఒక తరమునకు గాని చేతికందని పనులు కొన్ని యుండును. వానిని లాభము కోరువాడు తలపెట్టడు. ప్రజల ధనముతో, ఓర్పుతో అవి సాగవలయును.

ఈసారి ఆ దారిని పోవునపుడు, కొండల నడుమ మౌనముగా నిలిచిన ఆ లోహపు తోట గుర్తుకు తెచ్చుకొనుడు. మబ్బువంక చూచి నిట్టూర్చు రైతు ప్రశ్ననే అదియు అడుగుచున్నది. సమాధానము వచ్చువరకు చెవి ఒగ్గి వినుచున్నది.