ముందు వచ్చినవారి హక్కు

ఇంటి ప్రక్కన పశువుల కొట్ట ముండుట మన పల్లెలలో వింత గాదు. పెంట పైరునకు బలమని యెరిగినవారు దాని వాసనను దోషముగా నెంచరు. కాని రెండు గేదెలున్న కొట్టమునకును, వేలకొలది పశువులను లాభార్థము ఒక్కచోట గూర్చిన శాలకును భేదము కలదు. ఈ విషయమున పొరుగువారికి గలిగిన తగవులను పరదేశ న్యాయస్థానము లెట్లు తీర్చెనో యొకింత పరిశీలింతము.

ఇంగ్లండులోని నార్ఫోకు మండలమున విలియం ఆల్‌డ్రెడ్ అను గృహస్థు, పొరుగువాడు తన యింటి చెంత పందులదొడ్డి కట్టెననియు, ఆ దుర్గంధముచే ఇల్లు నివాసయోగ్యము గాకున్నదనియు వ్యాజ్యెము వేసెను. పందులు జనుల జీవనమునకు వలసినవనియు, వాని కంపును సహింపలేనంతటి సుకుమారమైన ముక్కు ఎవరికిని తగదనియు ప్రతివాది వాదించెను. 1610లో న్యాయాధిపతు లీ వాదమును త్రోసివేసిరి. కిటికీనుండి కనబడు సొగసైన దృశ్యము పోయినచో దావా లేదు. శుభ్రమైన గాలి పోయినచో దావా కలదు. వేడుక వేరు, అవసరము వేరు అని యీ తీర్పు తేల్చినది.

అచట ఇల్లు ముందు, దొడ్డి తరువాత. దొడ్డియే ముందున్నచో న్యాయమేమి?

అమెరికాలోని అరిజోనా రాష్ట్రమున, ఫీనిక్సు నగరమునకు పడమట, 1911 నుండి సేద్యము సాగుచుండెను. 1956లో అచట పశువులను మేపి బలియజేయు శాలలు వెలసెను. 1959లో డెల్ వెబ్ సంస్థ ఆ చేరువనే, నగరప్రాంతపు ధరకంటె మిక్కిలి చౌకగా, ఎకరము 750 డాలర్ల వంతున 20,000 ఎకరములు కొని, వృద్ధుల నివాసమునకై సన్ సిటీ పట్టణమును గట్ట నారంభించెను. ఇండ్లు శాలవైపునకును, శాల యిండ్లవైపునకును పెరిగెను. 1967 నాటికి నడుమ 500 అడుగులే మిగిలెను. స్పర్ సంస్థవారి యా శాలలో 20,000కు పైగా పశువులు. దినమునకు 10 లక్షల పౌనులకు మించిన పేడ. ఈగలును, కంపును వృద్ధులకు దుర్భరములయ్యెను.

1972లో ఆ రాష్ట్రపు ఉన్నత న్యాయస్థానము, శాల తొలగవలసినదే యనియు, అందులకగు న్యాయమైన వ్యయమును మాత్రము వెబ్ సంస్థయే భరింపవలెననియు తీర్పు చెప్పెను. తెలిసి వచ్చి, చౌక భూమివలన లాభము గడించినవాడు ఆ లాభపు వెల చెల్లింపవలెను గదా!

క్రమముగా ఆ దేశపు 50 రాష్ట్రములును ముందున్న కృషీవలుని దావాలనుండి కాపాడు శాసనములు చేసెను. ఉద్దేశము మంచిదే. కాని నార్త్ కరోలినాలో వేలకొలది పందుల మలమూత్రములను బయలు మడుగులలో నిలిపి పొలములపై చిమ్ముచుండగా, బాధపడిన పొరుగువారిలో పెక్కురు తరతరములుగా అచటనే నివసించిన నల్లజాతివారు. 2018లో జ్యూరీలు వారికి నష్టపరిహారము విధించెను. ఆ సంవత్సరముననే శాసనసభ యిట్టి దావాలకు మరింత అడ్డు కట్టెను. 2020లో అప్పీలు న్యాయస్థానము ఆ సంస్థ బాధ్యతను స్థిరపరచెను. ముందు వచ్చినవారి రక్షణకని చేసిన కవచము, ముందునుండి యున్న పేదలమీదనే ప్రయోగింపబడినది!

కావున ముందెవరు వచ్చిరను ప్రశ్న సగము న్యాయమే. లాభ మెవరిది, దాని బరువు ఎవరి నెత్తిన బడుచున్నది అనునది తక్కిన సగము. మన జిల్లాలలోను కోళ్లశాలలు ఊళ్లవైపునకు, ఊళ్లు కోళ్లశాలలవైపునకు పెరుగుచున్నవి. తగవు ముదిరి కచ్చెరి కెక్కకమునుపే మన పెద్దలు ఈ రెండు ప్రశ్నలను గూడ అడుగవలెనని మా మనవి.